దుప్పటి అంచు చెప్పే లెక్క

మనవరాలికి గుండ్రటి ఊలు దుప్పటి అల్లుదామని కూర్చున్నాను. చేతిలో క్రోషే సూది, ఒళ్లో ఊలుండ. చూసి అల్లడానికి నమూనా ఏదీ లేదు. పది చుట్లు తిరిగేసరికి అంచు పైకి లేచి అల్లిక గిన్నెలా తయారైంది. విప్పేసి, ఈసారి ధారాళంగా కుట్లు పెంచాను. అంచంతా కుచ్చిళ్లు పడింది. నేలమీద చదునుగా పరుచుకునే దుప్పటి ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంది. ఎక్కడో చెప్పేది బడిలో చదివిన వృత్తం లెక్కే.

ఒక్కో చుట్టుకీ వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు మేర పెరుగుతుంది. చదునుగా ఉండాలంటే చుట్టుకొలత దానికి 2π రెట్లు, అంటే సుమారు 6.28 రెట్లు పెరగాలి. పొట్టి కుట్టుకి ఎత్తూ వెడల్పూ దాదాపు ఒకటే. కాబట్టి చుట్టుకి ఆరు కుట్లు కలిపితే చాలు: 6, 12, 18, 24... ఇందులో నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది, దుప్పటి అరచేయంత ఉన్నా గదంత ఉన్నా కలపాల్సింది ఆ ఆరే కావడం. సూదికి ముందే ఒకసారి దారం చుట్టి అల్లే పొడుగు కుట్టు దాదాపు రెట్టింపు ఎత్తు ఉంటుంది, దానికి పన్నెండు కావాలి. పొట్టి కుట్టుతో చతురస్రమైతే మూలకి రెండు చొప్పున ఎనిమిది.

చేయి బిగువునిబట్టి, దారం లావునిబట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. అందుకే కాగితం మీది లెక్కకన్నా అంచునే నమ్ముతాను. గిన్నెలా లేస్తే కుట్లు చాలలేదు, కుచ్చిళ్లు పడితే ఎక్కువయ్యాయి. నరసాపురం లేసు టేబుల్ మీద ముడత లేకుండా పరుచుకుందంటే, ఆ సన్నటి నూలు దారమూ ఈ లెక్కకే కట్టుబడింది.

ఇలా ముందుగా ఏమీ అనుకోకుండా అల్లడం క్రోషేకి సులువు. రెండు సూదుల స్వెటర్ అల్లికలో వరుసలోని ఉచ్చులన్నీ సూది మీద తెరిచే ఉంటాయి. ఒకటి జారితే కిందిదాకా నిచ్చెనలా విడిపోతుంది. క్రోషేలో మాత్రం సాధారణంగా తెరిచి ఉండేది ఒక్క ఉచ్చే. తక్కినవన్నీ అప్పటికే మూసుకుపోయాయి. తర్వాతి కుట్టు ఎటు పోవాలన్నది అప్పటికప్పుడు తేల్చుకోవచ్చు. తప్పయితే దారం లాగి నాలుగు కుట్లు వెనక్కి వెళ్లడమే.

కుచ్చిళ్లు పడ్డ ఆ రెండో అల్లికని పారేయలేదు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమిన్య అనే లాత్వియా గణితవేత్త కావాలనే అలాంటిది అల్లారు. ప్రతి వరుసలోనూ ఇన్ని కుట్లకి ఒకటి అని ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే, అల్లిక హైపర్బోలిక్ తలంగా మారుతుంది. అక్కడ త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలకన్నా తక్కువ. ఊలు మీద దారంతో గీతలు కుట్టి ఆమె ఆ జ్యామితిని విద్యార్థుల చేతికిచ్చారు. మన పెరట్లో కోడిజుట్టు పువ్వు అంచు ముడతలు పడేదీ ఇలాగే: లోపలికన్నా అంచు ఎక్కువ పెరగడం వల్ల.

వెచ్చదనం సంగతి ఒక్క మాటలో: వేడిని ఆపేది ఊలు పోగులకన్నా వాటి మధ్య కదలకుండా నిలిచిన గాలి. కన్నాలు పెద్దవైతే ఆ గాలి నిలవదు. చలికాలపు దుప్పటికి పొట్టి కుట్లే మేలు.

నమూనా లేనివాళ్లని ఎక్కువగా వేధించే ప్రశ్న ఊలు ఎంత కావాలన్నది. ముందు పది సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లి తూచండి. మీటరు చదరం దుప్పటికి దానికి వంద రెట్లు పడుతుంది. నడిమధ్య నుంచి అల్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మీటరు దుప్పటిలో సగం ఊలు అయిపోయేసరికి భుజం 50 కాదు, 70 సెంటీమీటర్లు దాటి ఉంటుంది. మిగతా సగం చివరి 30 సెంటీమీటర్లలోపే తినేస్తుంది.