వంటింట్లోంచే తిరువయ్యారు

పుష్య బహుళ పంచమి నాడు పొద్దున తొమ్మిది ప్రాంతంలో, ఉప్మాకు తాలింపు వేస్తూనే ఒక చెవి టీవీకి అప్పజెప్పండి. ఆ వేళకు తిరువయ్యారు నుంచి త్యాగరాజ పంచరత్నాలను దూరదర్శన్ నేరుగా చూపిస్తుంది. కావేరి ఒడ్డున వందలమంది ఒకే గొంతై పాడతారు. ఊరు తమిళులది, పాట మన తెలుగుది! కొమరోలులో కూర్చున్న మనకు మాట మాటా తెలుస్తుంది మరి.

కెమెరా ఆడవాళ్ళ వైపు తిరిగినప్పుడు మాత్రం గరిటె పక్కన పెట్టి చూడండి. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్ళను పాడనిచ్చేవారు కారు. 1847లో త్యాగయ్య సమాధి అయిన చోట తన సొంత సొమ్ముతో గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. అయినా ఉత్సవంలో ఆమెకే పాడే వీలు లేదట, చూశారా ఎంత చోద్యమో! ఆమె ఊరుకుందా? ఆడవాళ్ళను కూడగట్టి వేరే పాడించింది. 1940లో పక్షాలన్నీ ఒకటయ్యాయి. 1952లో ఆమె కన్నుమూసింది. ఈ టీవీ వైభోగం చూడనేలేదు.

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ... రాగాల వరస ఇదీ. వరాళి దగ్గర పొయ్యి కట్టేయండి. శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’ ఎత్తుకునేసరికి పిల్లల్నీ పిలవండి. కరెంటు పోయిందా? ఆకాశవాణి కూడా ప్రసారం చేస్తుంది, రేడియోలో బ్యాటరీలు ముందే వేసి ఉంచుకోండి.