లేహ్యం, గంజాయి, "స్పైస్": ఖతర్‌లో పనిచేసేవారు తెలుసుకోవలసిన విషయాలు



దోహాకి ఉత్తరాన ఉమ్ సలాల్ మహమ్మద్, ఉమ్ సలాల్ అలీ పరిసరాలలో క్యాంపులలోనూ అద్దె గదులలోనూ ఉంటున్న తెలుగువారు ఈ పేజీ కాస్త ఓపికగా చదవగలరు. గంజాయి తాగడం నేరమని మీకు తెలుసు. తెలియక దాన్ని సామానులో పెట్టుకుని వచ్చేవారి కోసం, గంజాయి కానిదాన్ని గంజాయి అనుకుని పీల్చేవారి కోసం ముఖ్యంగా ఇది రాయడమైనది.

ముందు సామాను సంగతి. 2019 జూలైలో ముంబైకి చెందిన భార్యాభర్తలు దోహా హమద్ విమానాశ్రయంలో దిగారు. బంధువు ఒకావిడ పంపిన ప్యాకెట్ వారి బ్యాగులో ఉంది. అందులో 4 కిలోలకు పైగా హషీష్, అంటే మనవాళ్లు చరస్ అనేది, దొరికింది. తమకేమీ తెలియదని మొత్తుకున్నా ఇద్దరికీ 10 సంవత్సరాల జైలు పడింది. అప్పటికి ఆమె గర్భవతి. బిడ్డ జైలులోనే పుట్టింది. మన దేశంలో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో విచారణ జరిపి అసలు విషయం బయటపెట్టిన తర్వాత, 2021లో ఇక్కడి కోర్టు వారిని నిర్దోషులుగా తేల్చింది. నిర్దోషులకే దాదాపు రెండేళ్లు పోయాయి.

కాబట్టి సెలవు నుంచి తిరిగి వచ్చేటప్పుడు "మా బావమరిదికి ఈ పచ్చడి డబ్బా ఇచ్చెయ్యి" అని ఎవరైనా తెస్తే, వాళ్ల ముందే విప్పి చూడండి. ఏమనుకుంటారో అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు. విప్పడానికి ఒప్పుకోకపోతే తీసుకోవద్దు.

ఇక లేహ్యం. నడుము నొప్పికి, నిద్రకి, బలానికి అని ఊరి నుంచి లేహ్యాలు, ఉండలు తెచ్చుకునేవారున్నారు. ఆయుర్వేదంలో గంజాయి మొక్కకు "విజయ" అని పేరు. మదనకామేశ్వరి లేహ్యం వంటి వాటిలో ఈ ఆకు వేయడం పాత పద్ధతి. మన 1985 నాటి మత్తుమందుల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు మాత్రమే. విడి ఆకును, గింజను ఆ నిర్వచనంలో చేర్చలేదు. అందుకే కొన్ని రాష్ట్రాలలో భంగు బహిరంగంగానే అమ్ముతారు. ఆ మినహాయింపు మన గడ్డ మీద మాత్రమే. ఇక్కడ 1987 నాటి 9వ నంబరు చట్టం అమలులో ఉంది. దగ్గర ఉంచుకోవడం, వాడడం, తేవడం అన్నీ నేరాలే. శిక్ష జైలు, జరిమానా, ఆపైన దేశం నుంచి పంపివేత. డబ్బా మీద విజయ, భంగు, కెన్నబిస్ అనే మాటల్లో ఏది కనిపించినా ఇంట్లోనే వదిలి రండి. చీటీ లేని నాటు మందు అసలే వద్దు.

"అమెరికాలో డాక్టర్లే ఇస్తున్నారు కదా" అని అడుగుతారు. నిజమే, కొంతవరకు. కేన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు డ్రోనాబినాల్, నాబిలోన్ అనే మాత్రలను అక్కడ 1985లోనే అనుమతించారు. ఇవి ఫ్యాక్టరీలో తయారైనవే. పిల్లలకు వచ్చే రెండు రకాల అరుదైన మూర్ఛలకు, మొక్క నుంచి తీసిన కెన్నబిడయాల్ మందును 2018లో అనుమతించారు. కొలత ప్రకారం, ఫలానా జబ్బుకు, డాక్టరు రాసేవి ఇవి. బరువులు మోసి పట్టేసిన నడుముకు ఇచ్చేవి కావు. వేరే దేశపు చీటీ చూపితే ఇక్కడ కేసు పోదు. ఆన్‌లైన్‌లో కొనే "సి.బి.డి." నూనె కూడా తెప్పించవద్దు.

అన్నిటికంటే ప్రమాదమైనది "స్పైస్". కె-టు అని కూడా అంటారు. గంజాయిలాంటిదే, మూలికలే అని చెప్పి అంటగడతారు. అది మూలిక కాదు. ఏదో ఎండుటాకు మీద, ఒక్కోసారి మామూలు కాగితం మీద, రసాయనం చల్లి ఆరబెట్టినది. వేప్ ద్రవంలో కూడా కలుపుతారు. అమెరికాలో జాన్ హఫ్మన్ అనే రసాయన శాస్త్రవేత్త మెదడు పనితీరు తెలుసుకోవడానికి తయారుచేసిన పదార్థాలలో ఒకటి, 2008లో ఐరోపాలో ఇటువంటి ప్యాకెట్లలో బయటపడింది. తర్వాత వ్యాపారులు మార్చి మార్చి ఎన్నో రకాలు చేశారు. గంజాయిలోని మత్తు పదార్థం మెదడులోని తాళాన్ని సగమే తిప్పితే, ఇవి పూర్తిగా తిప్పేస్తాయి. చల్లడం సమంగా ఉండదు గనుక, ఒకే ప్యాకెట్‌లో ఒకడికి ఏమీ కాదు, పక్కవాడు ఫిట్స్ వచ్చి పడిపోతాడు. గుండె దడ, పిచ్చి భయం, కిడ్నీలు దెబ్బతినడం, చావు కూడా ఉన్నాయి. విరుగుడు మందు లేదు.

ఎండాకాలంలో మరో చిక్కు. మాట తడబడి, ఒళ్లు కాలిపోయి పడిపోయిన మనిషిని చూసి అందరూ వడదెబ్బ అనుకుంటారు. పీల్చిన సంగతి గదిలోవాళ్లకు తెలిసినా భయపడి చెప్పరు. ఆసుపత్రిలో మామూలు పరీక్షల్లో ఈ రసాయనం కనబడకపోవచ్చు. వెంటనే 999కి ఫోన్ చేయండి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు పోయకండి. ఏం తీసుకున్నాడో డాక్టరుకు చెప్పేయండి. కేసు సంగతి మనిషి బతికాక చూసుకోవచ్చు.

ఎవరైనా పట్టుబడితే, రాయబార కార్యాలయానికి తెలియజేయమని పోలీసులను కోరే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఉంది. ఆ మాట అడగాలి. అరబీలో ఉన్న కాగితం అర్థం కాకుండా సంతకం చేయవద్దు, దుభాషీని అడగండి. మేము జైలుకు వచ్చి కలుస్తాము, వకీళ్ల వివరాలు ఇస్తాము, ఇంటికి కబురు చేస్తాము. విడిపించే అధికారం మాకు లేదు. అది కోర్టుదే.