నలుగురు మాటలాడునప్పుడు

కొంతకాలము క్రిందట మేమొక చిన్న వీడియో చిత్రీకరణమున శబ్దగ్రహణ బాధ్యత వహించితిమి. అతిసారము సోకిన పసిపిల్లల సంరక్షణము అందలి విషయము. ఒక గదిలో బల్ల వెనుక నలుగురు కూర్చుండిరి: ఒక వైద్యురాలు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త, బిడ్డకు ఆ జబ్బు వచ్చి నయమైన యొక తల్లి, వారిచేత మాటలాడించు వ్యాఖ్యాత. కెమేరా ఎనిమిది అడుగుల దూరమున నున్నది. మైక్రోఫోను ఆ కెమేరా నెత్తిననే యున్నది. ఒకే మైకు, నలుగురికిని ఎదురుగా నున్నది గదా, చాలునని తలంచితిమి.

బొమ్మ చక్కగా వచ్చినది. మఱునాడు కూర్చుండి వినగా, వైద్యురాలు చెప్పిన అతి ముఖ్యమైన మాట చివర తెగి వినిపించినది. “తల్లిపాలు ఆప” అన్నంతవరకే స్పష్టము. తరువాతి రెండక్షరములను పైనున్న పంకా మ్రింగివేసినది. ఆమె చెప్పినది “ఆపవద్దు” అని. విన్నవారు “ఆపవచ్చు” అని గ్రహించినచో వారి తప్పు లేదు. విరేచనములగుచున్న బిడ్డకు తల్లిపాలు మాన్పుట ఎంత హానికరమో వైద్యులందఱును చెప్పుచునే యున్నారు. తప్పు మాది. ఆ చిత్రమును బయటికి పోనీయక, మరల తీయవలసి వచ్చినది. ఆ రెండవమారు మేము చేసిన ఆలోచననే ఇచట పాఠకులతో పంచుకొనుచున్నాము. నేడు చేతి ఫోనుతో ఇంటింటను వీడియోలు తీయుచున్నారు గనుక, ఇది కేవలము మా వృత్తివారి గొడవగా మిగులలేదు.

మన భాషలో క్రియ సాధారణముగా వాక్యము చివర వచ్చును. చేసినవారు ఒకరో పలువురో, ఆడో మగో, చేయుమనుటయో కూడదనుటయో, ఇదంతయు ఆ క్రియ చివరనే ఇమిడి యుండును. అయితే వాక్యము ముగియు వేళకు ఊపిరి తగ్గి గొంతు దిగుట మానవ సహజము. అర్థము బరువెక్కిన చోటనే ధ్వని పలుచబడునన్నమాట. పైగా “వచ్చు”, “వద్దు” అను రెండింటను అచ్చులు ఒక్కటే; భేదమంతయు నడిమి హల్లులో నున్నది. అచ్చులు బలము గల ధ్వనులు. హల్లులు వానికంటె చాల దుర్బలములు. దూరమునుండి విన్నప్పుడు, రొదలో విన్నప్పుడు, ముందుగా పోవునవి హల్లులే. అందుచేత నలుగురి తెలుగు మాటను పట్టదలచినవారు మైక్రోఫోను ధర అడుగుటకు ముందు, అది నోటికెంత దూరమున నుండునో అడుగవలెను.

రేడియోలో ఈ చిక్కు ఇంతగా లేదు. పూర్వపు నాటక ప్రసారములలో రిబ్బన్ మైక్రోఫోను వాడెడివారు. అది తన ముందునుండియు వెనుకనుండియు వచ్చు ధ్వనిని సమముగా గ్రహించి, ప్రక్కలనుండి వచ్చుదానిని విడిచిపెట్టును. నటులు దానికి ఇరువైపుల నిలిచి, తమ వంతు రాగానే ముందుకు జరిగి పలికి, పాత్ర నిష్క్రమించునప్పుడు అడుగు వెనుకకు వేసెడివారు. అచట మనిషి మైకు కడకు పోవును. వీడియోలో అట్లు కుదరదు. మనిషి తన ఆసనము విడువరాదు. మైకే మనిషి కడకు రావలెను. వచ్చియు కంటికి అడ్డు తగులరాదు.

దూరమును గూర్చి కొంత లెక్క చూతము. నోటినుండి వెడలిన ధ్వని, దూరము రెట్టింపైన కొలది 6 డెసిబెళ్ళు తగ్గును. ఎనిమిది అంగుళముల దూరమున రొమ్ముపై నున్న మైకుతో పోల్చినచో, ఎనిమిది అడుగుల కెమేరా పండ్రెండు రెట్లు దూరమున నున్నది. అనగా అచటికి నేరుగా చేరు గొంతుక ఇంచుమించు 21 డెసిబెళ్ళు తక్కువ. పంకా రొద, గోడలకు తగిలి వచ్చు మారుమ్రోత మాత్రము గదిలో ఎచటనైనను రమారమి ఒక్క తీరుననే యుండును. తరువాత యంత్రముతో ధ్వనిని పెంచినను గొంతుకతోపాటు రొదయు అంతే పెరుగును. పాలలో నీరు కలిసిన తరువాత పాత్రను పెద్దది చేసిన చిక్కదనము రాదు గదా!

“గుఱి చూచి పట్టు మైకు వాడినచో సరిపోదా?” అని కొంద ఱందురు. మైక్రోఫోనులకు దిశాభేదము కలదు. అన్ని వైపులనుండి సమముగా వినునది సర్వదిశా మైకు. ముందువైపు బాగుగా విని, సరిగా వెనుకనున్న దానిని విడుచునది కార్డియాయిడ్. దాని గ్రహణరేఖ హృదయాకారమున నుండుటచే ఆ పేరు వచ్చినది. అంతకంటె ఇఱుకైనది హైపర్ కార్డియాయిడ్. మారుమ్రోత గల గదిలో సర్వదిశా మైకు ఒక అడుగు దూరమున ఇచ్చు స్పష్టతను కార్డియాయిడ్ 1.7 అడుగుల దూరమునను, హైపర్ కార్డియాయిడ్ 2 అడుగుల దూరమునను ఇయ్యగలదు. దిశాశక్తి వలన కలుగు లాభము ఇంచుమించు రెండు రెట్లేకాని, పండ్రెండు రెట్లు కాదు.

పొడవైన గొట్టము గల గన్ మైకును చూచినవారు అది దుర్భిణివలె దూరపు మాటను దగ్గరకు తెచ్చునని భ్రమింతురు. ఆ గొట్టపు ప్రక్కలను చీలికలుండును. ప్రక్కనుండి వచ్చు ధ్వని వేఱువేఱు చీలికలలో వేఱువేఱు క్షణములందు ప్రవేశించి తన్ను తానే కొంత రద్దుచేసికొనును. అయితే స్థాయి తగ్గిన ధ్వనులయందు గొట్టమునకు ఆ శక్తి లేదు. పైగా చిన్న గదిలో అన్ని గోడలనుండియు వచ్చు మారుమ్రోత దానిలో చేరి గొంతుక రంగు మార్చును. ఆరుబయట అది మంచి పనిముట్టే. అచటను దానిని బూమ్ కఱ్ఱకు కట్టి, చట్రమునకు కొంచెము పైన నిలిపి, మాటలాడువారి వైపు త్రిప్పుటకు ఒక మనిషి కావలెను. ఇద్దఱైనచో త్రిప్పగలడు. నలుగురు ఒకరి మాట కొకరు అడ్డుపడుచుండగా ఎంత నేర్పరియైనను ఒక మాట వెనుకబడును. ఆ వెనుకబడిన మాటయే కావలసిన మాట యగును.

చేతి మైకు మొండి పనిముట్టు. జాతరలోను, బజారులోను దానిని మించినది లేదు. ప, బ, ఫ, భ లు పలుకునప్పుడు వెలువడు గాలి సూటిగా తగిలి ‘బుస్సు’మనకుండ, దానిని నోటికి కొంచెము ప్రక్కగా పట్టవలెను. కాని నలుగురు ఒకే మైకును చేతులు మార్చుకొనుచున్నచో సంభాషణ సాగదు, వంతులు మాత్రమే సాగును. ఇక బల్లమీద పఱచి పెట్టు బౌండరీ మైకు కంటికి కనబడకుండుట నిజమే. గాజుల మ్రోత, కాగితముల చప్పుడు, బల్లపై వ్రేళ్ళ తాళము దానికి మాటకంటె బాగుగా వినిపించును.

మిగిలినది కాలరు మైకు. దీనిని లావలియర్ అనియు నందురు. మెడనుండి వ్రేలాడు ఒక విధమైన పతకమునకు గల పేరు దీనికి వచ్చినది. కండెన్సర్ మైకు ఇంత చిన్నదిగా, ఇంత చౌకగా లభించుటకు ఒక చిన్న కథ కలదు. 1916లో వెంటి అను శాస్త్రజ్ఞుడు కండెన్సర్ మైక్రోఫోనును నిర్మించినప్పుడు, దాని రేకులకు బయటినుండి విద్యుత్పీడన మీయవలసి యుండెను. 1962లో బెల్ ప్రయోగశాలలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అను నిరువురు, విద్యుదావేశమును తనలోనే నిలుపుకొను పలుచని పొరతో ఎలెక్ట్రెట్ మైకును సాధించిరి. దానితో మైకు చొక్కా గుండీయంత చేయుటకు వీలు కలిగినది.

నలుగురికిని నాలుగు కాలరు మైకులు: మా రెండవ ప్రయత్నమునకు ఇదియే నిర్ణయము. వీనిలో సర్వదిశా మైకులనే ఎన్నుకొంటిమి. దిశాభేదము గలవి రొదను తగ్గించునను మాట నిజమే కాని, తల ప్రక్కకు త్రిప్పినంతనే గొంతుక మారిపోవును. ఎనిమిది అంగుళముల దగ్గర నున్నప్పుడు సర్వదిశా మైకు క్షమాగుణము గలది. గడ్డమునకు జానెడు క్రింద, రొమ్ము నడుమ దాని స్థానము. మాటలాడువారు ఎక్కువగా ఎటు చూతురో అటువైపునకు కొంచెము జరిపి పెట్టవలెను. వ్యాఖ్యాత ఎడమ ప్రక్క నున్నచో వైద్యురాలి తల మాటిమాటికి ఎడమకే తిరుగును. మైకు కుడివైపున పెట్టినచో వాక్యాంతము మరల జాఱిపోవును.

మన వస్త్రధారణము ఇచట కొన్ని పరీక్షలు పెట్టును. పట్టుచీర పైట, గంజి పెట్టిన నూలుచీర, ఖద్దరు కండువా కదలినప్పుడెల్ల గరగరలాడును. నానుత్రాడు, నల్లపూసలు మైకునకు తగిలినచో టకటకమనును. పిన్నుతో బిగించి కదలకుండ నిలిపిన పైట మడతకు మైకును తగిలించి, తీగెను లోపలినుండి ఒక చుట్టు చుట్టి పట్టీతో అంటించినచో చాలవఱకు శాంతించును. గొలుసులను కొంతసేపు తీసియుంచుడని అడుగుటకు మొగమాటపడరాదు. మంగళసూత్రము తీయుమని మాత్రము అడుగరాదు, మైకునే ప్రక్కకు జరుపవలెను.

నాలుగు మైకులు పెట్టినంత మాత్రమున పని ముగియలేదు. నాలుగును ఒకేమారు తెఱచియున్నచో గది రొద నాలుగింటను చేరి 6 డెసిబెళ్ళు హెచ్చును. అంతేకాక ఒకరి గొంతుక ఇరుగుపొరుగు మైకులలోను ప్రవేశించును. రెండు మైకులకు దారిలో 34 సెంటీమీటర్ల తేడా యున్నచో, ధ్వని రెండవదానిని ఇంచుమించు సెకనులో వేయవవంతు ఆలస్యముగా చేరును. ఆ రెండింటిని కలిపినప్పుడు 500, 1500, 2500 హెర్ట్జుల వద్ద ధ్వని క్షీణించి, మనిషి కుండలో తలపెట్టి మాటలాడినట్లుండును. దీనికి విరుగుడుగా వృత్తిలో మూడింట ఒకటి అను సూత్రము కలదు. నోటికి మైకునకు నడుమ ఎంత దూరమో, దానికి మూడు రెట్లకు తక్కువ కాకుండ మైకుకు మైకుకు నడుమ ఎడముండవలెను. ఎనిమిది అంగుళములకు రెండడుగులు. మోచేతులు తగులకుండ కూర్చున్నచో ఈ ఎడము దానంతట అదే లభించును.

రెండవ విరుగుడు, మాటలాడువారి మైకును మాత్రము పెంచి తక్కినవానిని తగ్గించుట. 1970ల దశకమున డాన్ డుగన్ అను అమెరికా ఇంజనీరు దీనినే తనంతట తాను చేయు మిక్సరును రూపొందించెను. అది నలుగురి నడుమ ఒకే పాలును పంచును: ఒకరు పలికినప్పుడు ఆ పాలంతయు వారిదే. అట్టి సాధనము లేనివారు ఒక్కొక్క మైకును వేఱువేఱు ట్రాకుపై రికార్డు చేసికొన్నచో చాలును. కూర్పు వేళ తీరికగా చేయవచ్చును. ఇది కుదరవలెనన్న నాలుగు మార్గములు గల రికార్డరు ఉండవలెను. నాలుగు మైకులను ముందే ఒకటిగా కలిపి కెమేరాలోనికి పంపినచో, తరువాత విడదీయుట కష్టము.

తీగెలేని మైకులు నేడు చౌకగా దొరకుచున్నవి. ఒక గ్రాహకమునకు రెండు ప్రేషకములు గల జతలు విరివిగా నున్నవి. నలుగురికి నాలుగు మార్గములున్నవో లేవో కొనుటకు ముందే చూచుకొనవలెను. వీనిలో పెక్కు 2.4 గిగాహెర్ట్జుల వద్ద పనిచేయును. ఇంటి వైఫై కూడ ఆ వీథిలోనే తిరుగును. మానవ శరీరము ఆ తరంగములను చాలవఱకు పీల్చివేయును గనుక ప్రేషకము వీపున, గ్రాహకము ఎదుట ఉండరాదు. కదలక కూర్చుండువారికి తీగె మైకే మేలు. అది బ్యాటరీ తగ్గెనని నడుమ మూగవోదు. మేము కూర్చున్నవారికి తీగెలే వాడితిమి.

గదిని గూర్చి ఒక మాట. రెండవమారు పంకా ఆపితిమి. నేలపై బొంత పఱచి, బల్లపై దుప్పటి వేసి, కిటికీ మూసితిమి. అందఱును చెమటలు కార్చిరి. అందుచే పది నిమిషముల కొకమారు విరామ మిచ్చితిమి. మాటల శిఖరములు పూర్ణస్థాయికి 12 డెసిబెళ్ళు క్రిందనుండునట్లు సరిచూచి, ప్రతి మైకును చెవితొడుగులతో విడివిడిగా వింటిమి. బొమ్మకు మాటకు జత కలుపుటకు కెమేరా యెదుట ఒక చప్పట్లు చఱచితిమి. చివర అందఱును మౌనముగా నుండగా అర నిమిషము గది నిశ్శబ్దమును రికార్డు చేసితిమి. కూర్పులో మాటకు మాటకు నడుమ అతుకుటకు అది పనికివచ్చును.

ఆ రాత్రి మా యింట ఆ రికార్డును చిన్న ఫోనులో పెట్టి, బొమ్మ కనబడకుండ బోర్లించి, సన్నని స్థాయిలో వినిపించితిమి. వంటింటిలో పోపు చిటపటలాడుచున్నది. వైద్యురాలి మాట ముగిసిన వెంటనే, ఆమె ఏమన్నదని గుమ్మమునుండి అడిగితిమి.

“పాలు ఆపవద్దన్నది. మఱేమి?” అని లోపలినుండి జవాబు వచ్చినది.