పోపుల పెట్టెలో వాన లెక్క

కారియాపట్టి ప్రాంతపు మానావారి చేలకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురిసే ఈశాన్య ఋతుపవనపు వానే ఆధారము. ఇటువంటి లెక్కలను కంప్యూటరులో వేయుటకు కళాశాల విద్యార్థులు ‘ఆర్’ అను గణాంక భాషను నేర్చుకొనుచున్నారు. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఈ ఉచిత భాష 1.0.0 రూపము 2000 ఫిబ్రవరి 29న వెలువడినది. దీనిలో కొత్తవారు తడబడే చోటు ఒకటున్నది.

ఇచ్చిన అంకెలపై పనిచేసి ఫలితమును తిరిగి ఇచ్చునది ఫంక్షన్. అది తిరిగి ఇచ్చునది ఒకే వస్తువు. నెలవారీ వానలు, వాటి సగటు, ఎక్కువ కురిసిన నెల పేరు, ఈ మూడును కావలెనన్న ఒకదానిలోనే సర్దవలెను. వెక్టరులో అన్నియు ఒకే జాతివిగా ఉండవలెను. ‘అక్టోబరు’ అను మాట చేరగానే ప్రక్కనున్న అంకెలు సైతము అక్షరములై కూడికకు పనికిరాకుండ పోవును. అందుకే లిస్టు.

లిస్టనగా మన వంటింటి పోపుల పెట్టె, తమిళమున అంజరైప్పెట్టి. పెట్టె ఒక్కటే, ఆవాలు, జీలకర్ర, మెంతులు ఎవరి గిన్నెలో అవి. ["సగటు"] అని ఒంటి బ్రాకెట్లతో అడిగినచో ఆ గిన్నె ఒక్కటే ఉన్న చిన్న పెట్టె చేతికి వచ్చును, దానిని రెండుతో భాగించబోతే ఆర్ ఒప్పుకొనదు. [["సగటు"]] అని జంట బ్రాకెట్లు వేసినచో గిన్నెలోని సరుకే వచ్చును. $ గుర్తు కూడ సరుకునే తెచ్చును.

అసలు ప్రమాదము ఈ $ గుర్తుతోనే. పాఠము కొరకు మూడు నెలల వానలు 180, 150, 60 మిల్లీమీటర్లు అనుకొందము. సగటు 130, మొత్తము 390. ‘వానలు’ అనుటకు బదులు ‘వనలు’ అని అడిగినచో ఆర్ తప్పు పట్టదు. ‘నల్’ అను శూన్యమును ఇచ్చి ఊరకుండును. ఆ శూన్యమును ‘సమ్’తో కూడినచో జవాబు 0. చేను తడిసినను కాగితముపై కరువే! వాన కొలతను బట్టి నష్టపరిహారము లెక్కించే చోట ఇది ఒక కుటుంబపు ఏడాది బ్రతుకుతో ఆట. కనుక లిస్టు చేతికి రాగానే ‘నేమ్స్’ ఫంక్షన్‌తో గిన్నెల పేర్లను ఒకసారి చూచుకొనుట మేలు.

కారియాపట్టి, తిరుచ్చుళి, అరుప్పుక్కోట్టై మూడింటికి ఒకేసారి లెక్క వేయుటకు ‘ఎల్‌అప్లై’ ఉన్నది. అది పెట్టెలతో నిండిన పెద్ద పెట్టెను ఇచ్చును. అందులోనుండి సగటులను ఏరుటకు చాలమంది ‘ఎస్‌అప్లై’ వాడుదురు; పేరు తప్పినను అది శూన్యములనే పోగుచేసి ఇచ్చును. ‘వీఅప్లై’కి మాత్రము ఊరికొక అంకె రావలెనని ముందే చెప్పవలెను. ఏ ఒక్క ఊరికి అంకె రాకున్నను అది లెక్కను అక్కడికక్కడే ఆపి తప్పు చూపును.