40 వేల కోట్ల నక్షత్రాలు, రెండు రకాల రివ్యూలు: ఎలైట్ డేంజరస్ ఆడినోళ్లలో ఎవర్ని నమ్మాల?

ఈ రోజు టాపిక్ ఒక తమ్ముడి మెసేజ్ నుంచి పుట్టింది. ఇంటర్ సెకండియర్. ఏం రాసినాడంటే, "అన్నా, ఎలైట్ డేంజరస్ వీడియోలు చూసి పిచ్చెక్కింది. దాని కోసం సెకండ్ హ్యాండ్ గేమింగ్ లాప్‌టాప్ తీసుకుందామనుకుంటున్నా. రివ్యూలు చూస్తే ఒకడు ఇంతకు మించిన గేమ్ లేదంటాడు, ఇంకొకడు నా టైమంతా పాయె అంటాడు. ఎవర్ని నమ్మాల?" డబ్బులు ఎక్కడివిరా అంటే, వాళ్ల నాయన ఆదోని యార్డులో పత్తి అమ్మి ఇస్తానన్నాడంట.

పత్తి డబ్బులు అన్నాక దీన్ని లైట్ తీసుకోలేం కదా. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క గేమ్ మీదే, దాన్ని ఆడినోళ్ల మాటల మీదే.

ముందు తెలియనోళ్లకు చెప్తా. ఎలైట్ డేంజరస్ అంటే అంతరిక్షంలో ఒక ఓడ నడిపే గేమ్. ఫోన్‌లో రాదు, కంప్యూటర్ ఉండాల. ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉండే ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ కంపెనీ 2014 డిసెంబర్‌లో రిలీజ్ చేసింది. వెనక ఉన్న మనిషి డేవిడ్ బ్రాబెన్. ఈయన 1984లోనే ఇయాన్ బెల్ అనే ఇంకో కుర్రాడితో కలిసి ఎలైట్ అనే పాత గేమ్ చేసినాడు. అప్పటి బీబీసీ మైక్రో కంప్యూటర్లో మెమరీ 32 కేబీ. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటో దానికంటే పెద్దది. ఆ 32 కేబీలో ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాల వ్యవస్థలు పెట్టినారు.

ఎట్ల సాధ్యం? ఇది నాకు చానా ఇష్టమైన భాగం, కొంచెం ఓపిక పట్టండి. మన ఇళ్లల్లో అమ్మవాళ్ల ముగ్గుల పుస్తకం చూసినారా? "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని రాసి ఉంటుంది. ఒక్క లైను. ఆ లైను చదివితే వాకిట్లో చుక్కలన్నీ ఎక్కడెక్కడ పడాలో వచ్చేస్తుంది. ప్రతి చుక్కనీ పుస్తకంలో దాచుకోనక్కర్లేదు. కంప్యూటర్ కూడా అంతే. గ్రహాలన్నీ దాచుకోదు, ఒక అంకె, ఒక లెక్క దాచుకుంటుంది. మీరు అక్కడికి పోయినప్పుడు ఆ లెక్క వేసి గ్రహాన్ని గీస్తుంది. ఎన్నిసార్లు పోయినా అదే గ్రహం వస్తుంది. దీన్నే ప్రొసీజరల్ జనరేషన్ అంటారు. కొత్త గేమ్‌లో ఇదే పద్ధతిని మన పాలపుంత సైజుకు పెంచినారు, దాదాపు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. నిజంగా మనకు తెలిసిన నక్షత్రాలను వాటి చోట్లలో పెట్టి, తెలియనివాటిని లెక్కతో నింపినారు.

ఇప్పుడు గొడవకు వద్దాం. పొగిడేవాళ్లు పొగిడేది, తిట్టేవాళ్లు తిట్టేది ఒకే విషయాన్ని. గేమ్ మీకు ఏ పనీ చెప్పదు. సైడ్‌వైండర్ అనే చిన్న ఓడ చేతికిచ్చి, వెయ్యి క్రెడిట్లు పడేసి, పో నాయనా అంటుంది. సరుకు మోసుకుంటావా, గనులు తవ్వుతావా, దొంగల్ని వేటాడతావా, నువ్వే దొంగవవుతావా, నీ ఇష్టం. కథ లేదు, హీరో లేడు. కొందరికి ఇది స్వర్గం. కొందరికి ఇది ఖాళీ మైదానం. చూస్తే సముద్రం, దిగితే మోకాలి లోతు అనే అర్థం వచ్చే మాట ఈ గేమ్ మీద ఏళ్ల తరబడి వినిపిస్తానే ఉంది.

ఉదాహరణ కావాలంటే హటన్ ఆర్బిటల్ ఉంది. మనకు దగ్గరి నక్షత్రం ఆల్ఫా సెంటారీలో ఒక స్టేషన్. మీరు దిగే చోటు నుంచి 0.22 కాంతి సంవత్సరాల దూరం. అక్కడికి ఓడ నేరుగా నడుపుకుంటూ పోవాల, నిజం టైమ్‌లో గంట పైనే పట్టొచ్చు. అంటే కోడుమూరులో బస్సెక్కి కర్నూలులో దిగేంత సేపు, కిటికీలో చెట్లు కూడా లేకుండా. పాత ఆటగాళ్లు కొత్తోళ్లను ఏడిపించడానికి "హటన్‌కు పో, అనకొండ ఓడ ఫ్రీగా ఇస్తారు" అని చెప్తారు. అనకొండ అంటే గేమ్‌లో ఖరీదైన పెద్ద ఓడల్లో ఒకటి. పాపం కొత్తోడు గంట సేపు పోతాడు. అక్కడ ఓడా లేదు, పాడూ లేదు. హటన్ మగ్గు అని ఒక కప్పు మాత్రం కొనుక్కోవచ్చు. ఒకడు దీన్ని తిట్టుకుంటూ రివ్యూ రాస్తాడు. ఇంకొకడు ఆ కప్పు తెచ్చుకుని, తర్వాతి కొత్తోడికి అదే అబద్ధం చెప్తాడు. ప్రయాణం ఇద్దరిదీ ఒక్కటే.

ఫైటింగ్ సంగతి అడుగుతారు, తెలుసు. అది మాత్రం తిట్టేవాళ్లు కూడా ఒప్పుకుంటారు, బాగుంటుంది. ఓడ పవర్‌ను మీరే పంచాల. మొత్తం ఆరు పాయింట్లు: షీల్డుకు, ఇంజనుకు, తుపాకులకు. ఒకదానికి నాలుగు మించి ఇవ్వలేరు. ఇన్వర్టర్ మీద ఇల్లు నడిపినట్లే. ఫ్యాను కావాలంటే టీవీ ఆపాల. శత్రువు కాలుస్తున్నప్పుడు షీల్డుకు నాలుగు, మీరు కాల్చే టైమ్‌కు తుపాకులకు నాలుగు, పారిపోయేటప్పుడు ఇంజనుకు. ఇది వేళ్లకు అలవాటు కావాలంటే వారాలు పడుతుంది. ఫ్లైట్ అసిస్ట్ అనే సాయం ఆపేస్తే ఓడ ముందుకు జారుతూనే ఉంటుంది, మీరు ముక్కు మాత్రం వెనక్కి తిప్పి, వెంటపడేవాడిని కాల్చొచ్చు. అది వచ్చినవాడు ఇంక వేరే ఓడ గేమ్ ఏదీ ఆడలేడు, అంత బాగుంటుంది.

ఓడ పేలిపోతే దాని ఖరీదులో 5 శాతం కట్టి తిరిగి తీసుకోవాల. ఆ 5 శాతం కూడా జేబులో లేకపోతే ఓడ పాయె, మళ్లీ సైడ్‌వైండర్. నెలల కష్టం ఒక్క నిమిషంలో పోయినోళ్ల రివ్యూలు ఎంత కోపంగా ఉంటాయో ఊహించుకోండి.

ఆ కోపం ఎక్కువగా ఇంకో మనిషి చేతిలో పోయినప్పుడే వస్తుంది. గేమ్‌లో ఓపెన్ అని ఒక మోడ్, అందరూ అందరికీ కనపడతారు. సోలో అని ఇంకోటి, మీరు ఒక్కరే. విచిత్రం ఏంటంటే రెండింటి వెనకా ఉన్న గెలాక్సీ ఒకటే. సోలోలో కూర్చుని మీరు చేసిన పని ఓపెన్‌లో ఉన్నవాళ్ల రాజకీయాన్ని కూడా మారుస్తుంది. "దాక్కుని ఆడేవాళ్లు మా లెక్క ఎందుకు మార్చాల?" అని ఒక వర్గం. "నేను పని చేసుకుంటుంటే ఊకే వచ్చి కాల్చేవాడితో నాకేం పని?" అని ఇంకో వర్గం. నేనైతే రెండో వర్గమే. కానీ ఓపెన్ లేకుంటే జరగని సంగతులు కొన్ని ఉన్నాయి.

2017 ఏప్రిల్‌లో సలోమీ సంఘటన జరిగింది. డ్రూ వాగర్ అనే రచయిత ఈ గేమ్ ప్రపంచం మీద ఒక నవల రాస్తా, అందులోని సలోమీ అనే పాత్రను స్వయంగా తనే ఓడలో నడిపినాడు. ఆమె బతికి గమ్యం చేరుతుందా, లేదా అనేది ఆటగాళ్ల చేతుల్లో పెట్టేసినారు. నవలలో ముగింపు దాని ప్రకారమే. కాపాడడానికి ఒక గుంపు, చంపడానికి ఒక గుంపు. చివరికి కాపాడేవాళ్ల మధ్యలోకి తమవాడిలాగా దూరినవాడే ఆమెను చంపినాడు. కొందరు ఇంత గొప్ప రోజు ఏ గేమ్‌లోనూ లేదన్నారు, కొందరు ఇది మోసం అన్నారు. మళ్లీ అదే రాత్రి, అదే గేమ్.

ఇక్కడ మన ఊర్లకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. ఈ గేమ్‌లో ఆటగాళ్ల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి, పీర్ టు పీర్ అంటారు. ఓడిపోతున్నవాడు నెట్ పీకేస్తే మాయమైపోతాడు. దీన్ని కంబాట్ లాగింగ్ అంటారు, పెద్ద తప్పు కింద లెక్క. ఇప్పుడు ఆలోచించండి, ఎండాకాలం సాయంత్రం మీరు ఫైట్ మధ్యలో ఉండగా కరెంటు పోయింది. అవతల ఉన్న జర్మనీవాడి దృష్టిలో మీరు దొంగ. వాడికి మన సబ్‌స్టేషన్ గురించి ఏం తెలుసు!

నెట్ మాట వచ్చింది కాబట్టి పాత గాయం ఒకటి చెప్పాల. 2012లో ఈ గేమ్ కోసం జనం దగ్గర కిక్‌స్టార్టర్ ద్వారా 15 లక్షల పౌండ్ల పైనే వచ్చింది. ఆఫ్‌లైన్‌లో కూడా ఆడుకోవచ్చని చెప్పినారు. 2014 నవంబర్‌లో, రిలీజ్‌కు నెల ముందు, ఆఫ్‌లైన్ లేదు అని తేల్చేసినారు. డబ్బులిచ్చినోళ్లు మండిపోయినారు. అది ఇప్పటికీ మారలేదు, సోలో ఆడాలన్నా నెట్ ఉండాల్సిందే. మొబైల్ హాట్‌స్పాట్ మీద బతికే మనకు రివ్యూలన్నింటికంటే ఈ ఒక్క ముక్క ముఖ్యం.

2021 మే 19న ఒడిస్సీ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. ఓడ దిగి గ్రహం మీద నడవొచ్చు, తుపాకీతో కొట్లాడొచ్చు. ఆలోచన బ్రహ్మాండం, వచ్చిన తీరు దారుణం. మంచి గ్రాఫిక్స్ కార్డులున్నోళ్లకు కూడా గేమ్ ఎద్దుల బండిలా నడిచింది. స్టీమ్‌లో ఎర్ర రివ్యూలు వరదలా వచ్చినాయి. బ్రాబెన్ బయటికొచ్చి క్షమాపణ చెప్పినాడు. 2022 మార్చిలో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లకు ఇక కొత్తవి రావని ప్రకటించినారు. ఏళ్ల తరబడి అక్కడ ఆడినోళ్ల కోపం న్యాయమైందే అంటా నేను. వాళ్ల రివ్యూ చదివి గేమ్ చెడ్డది అనుకోవద్దు, ఆ కంపెనీ మాట మీద ఎంత నమ్మకం పెట్టాలో మాత్రం చూసుకోండి.

తర్వాత గాలి మళ్లింది. 2022 చివర్లో థార్గాయిడ్లు అనే గ్రహాంతరవాసులతో యుద్ధం మొదలైంది, రెండేళ్లు నడిచింది. 2024 డిసెంబర్‌లో వాళ్ల ఆఖరి టైటన్ ఓడ మన సూర్య మండలానికే వచ్చేసింది, ఆటగాళ్లందరూ కలిసి దాన్ని కూల్చినారు. 2025లో ఆటగాళ్లే కొత్త నక్షత్ర వ్యవస్థల్లో స్టేషన్లు కట్టుకునే సౌకర్యం వచ్చింది. ఎప్పుడో మానేసినోళ్లు తిరిగొచ్చినారు. ఇంకోపక్క 2024 నుంచి కొత్త ఓడలను నిజం డబ్బులిచ్చినోళ్లకు ముందుగా అమ్మడం మొదలుపెట్టినారు, దాని మీద కొత్త గొడవ.

కాబట్టి రివ్యూ కింద తేదీ చూడండి. 2021 జూన్‌లో రాసింది ఈ రోజు గేమ్ గురించి కాదు. తేదీ పక్కన గంటలు చూడండి. 1,500 గంటలు ఆడి "కొనొద్దు" అని రాసేవాళ్లుంటారు, మనకు నవ్వొస్తుంది. కానీ వాళ్లది అబద్ధం కాదు. మన ఊర్లో ఇరవై ఏళ్లు ఒకే హోటల్లో తిని, రోజూ "సాంబారు మునుపట్లా లేదు" అనే పెద్దాయన లాంటోళ్లు. ఆయన మాట హోటల్ యజమానికి పనికొస్తుంది, ఫస్ట్ టైమ్ తినేవాడికి కాదు. మూడు గంటలు ఆడి తిట్టినవాడి మాట మీకెక్కువ పనికొస్తుంది, ఎందుకంటే మీరు కూడా ఆ మూడు గంటలు దాటాల. స్టీమ్‌లో రీఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు, ఆడిన టైమ్ రెండు గంటల్లోపు ఉండాల. ఈ గేమ్‌లో ఆ రెండు గంటలు ఓడను స్టేషన్‌లో గోడకు కొట్టకుండా ఆపడం నేర్చుకోవడానికే సరిపోతాయి. నచ్చిందో లేదో తేలేలోపే టైమ్ అయిపోతుంది.

తమ్ముడికి నా జవాబు: ఈ ఒక్క గేమ్ కోసం లాప్‌టాప్ కొనొద్దు. చదువుకి, కోడింగ్‌కి ఎలాగూ ఒకటి కావాల అనుకుంటే నాయనతో కూర్చుని లెక్క వేసుకుని కొను, గేమ్‌ను తర్వాత సేల్‌లో చూసుకుందువు. అప్పటిదాకా ఎడిటింగ్ చేయని ఒక పూర్తి గంట గేమ్‌ప్లే వీడియో ఫోన్‌లో స్కిప్ చేయకుండా చూడు. మధ్యలో రీల్స్‌కు పోయినావంటే ఈ గేమ్ నీది కాదు.

ఇప్పటికే ఆడుతున్నోళ్లకు ఒక మాట చెప్పి ఆపేస్తా. దూరం పోయి ఇంధనం అయిపోతే గేమ్ డిలీట్ చేయొద్దు. ఫ్యూయల్ ర్యాట్స్ అని ఆటగాళ్ల గుంపు ఒకటుంది. గోనెగండ్ల దగ్గర బండాగిపోతే బాటిల్లో పెట్రోలు తెచ్చిచ్చే మనుషులుంటారు చూడండి, అట్లాంటోళ్లు. పైసా తీసుకోరు. ఎంత దూరమైనా వచ్చి ఇంధనం పోసి పోతారు, ఇప్పటికి వేల మందిని కాపాడినారు. ఆక్సిజన్ టైమర్ మొదలైందంటే వెంటనే మెయిన్ మెనూకు వచ్చేయండి, గడియారం ఆగుతుంది. అప్పుడు వాళ్లను పిలవండి.

వచ్చే ఎపిసోడ్ నో మ్యాన్స్ స్కై మీద. 2016లో అందరూ ఉమ్మేసిన గేమ్ ఎనిమిదేళ్లకు ఎట్ల లేచిందో చూద్దాం. ఉంటా మరి.