ఈస్ట్రోజన్, గర్భనిరోధక హార్మోన్లు: పీయూష గ్రంథి, అండాశయాల పనితీరుపై ప్రభావం

వ్యాససంగ్రహం:
అండాశయం పీయూష గ్రంథి ఆజ్ఞలను పాటించడంతో ఆగదు. తాను స్రవించే ఈస్ట్రోజన్ ద్వారా ఆ గ్రంథిని తిరిగి శాసిస్తుంది. గర్భనిరోధక హార్మోన్లు ఈ సహజ సంకేతాన్నే అనుకరిస్తాయి. మాత్ర, ఇంజెక్షన్ ఈ వ్యవస్థను ఏ మేరకు, ఎంతకాలం నిలుపుతాయో వివరించి, ఆ సమాచారం వాడే స్త్రీకి అందడం ఎందుకు అవసరమో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్, పీయూష గ్రంథి, అండోత్సర్గం, గర్భనిరోధం, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం:
వికారాబాద్ జిల్లా తాండూరు మండలంలోని కరణ్‌కోట సిమెంటు కర్మాగారంతో పేరుపొందిన గ్రామం. కంది చేలు, నాపరాతి గనులు ఆ ప్రాంతపు జీవనాధారాలు. ఇటువంటి గ్రామాల కోసం జాతీయ కుటుంబ సంక్షేమ కార్యక్రమం ఉచితంగా అందించే హార్మోను పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. ఒకటి 'మాలా-ఎన్' మాత్ర. రెండవది 2017లో ప్రవేశపెట్టిన 'అంతర' ఇంజెక్షన్. ఇంజెక్షన్ తీసుకున్న స్త్రీకి కొన్ని నెలలకు ముట్టు ఆగిపోవచ్చు. అప్పుడు ఆమెకు కలిగే సందేహాలు సహజమైనవి: ఇది గర్భమా? జబ్బా? చెడు రక్తం లోపలే పేరుకుంటున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానం గర్భాశయంలో కాక, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథికీ అండాశయానికీ నడుమ సాగే సంభాషణలో ఉన్నది.

2. సహజ చక్రం - ఈస్ట్రోజన్ ద్విపాత్ర:
హైపోథలామస్ నుంచి జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోను ఎడతెగక కాక, విడతలు విడతలుగా వెలువడుతుంది. ఋతుచక్రపు తొలి సగంలో సుమారు గంట, గంటన్నరకు ఒక విడత. మలిసగంలో ఈ వేగం బాగా తగ్గుతుంది. ఈ లయే కీలకమని 1978లో కోతులపై జరిగిన ప్రయోగాలు తేల్చాయి. అదే హార్మోనును నిరంతరంగా ఎక్కించినప్పుడు పీయూష గ్రంథి స్పందన అణగిపోగా, గంటకొకసారి ఇచ్చినప్పుడు తిరిగి మేల్కొన్నది.

ఈ ప్రేరణతో పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. హార్మోన్లను స్రవిస్తుంది. ఎల్.హెచ్. ప్రభావంతో పుటిక వెలుపలి కణాలు ఆండ్రోజన్లను తయారుచేస్తే, ఎఫ్.ఎస్.హెచ్. ప్రభావంతో లోపలి కణాలు వాటిని ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. పెరిగిన ఈస్ట్రోజన్, ఇన్‌హిబిన్‌తో కలిసి, ఎఫ్.ఎస్.హెచ్.ను తగ్గిస్తుంది. ఆ కొరతను తట్టుకోగలిగిన ఒక్క పుటిక మాత్రమే సాధారణంగా పరిణతి చెందుతుంది, తక్కినవి క్షీణిస్తాయి.

ఇక్కడే ఈస్ట్రోజన్ రెండవ పాత్ర మొదలవుతుంది. దాని స్థాయి మిల్లీలీటరు రక్తంలో సుమారు 200 పీకోగ్రాములు దాటి రెండు రోజులు నిలిస్తే, అంతవరకు అదుపుచేసిన హార్మోనే ప్రేరకమవుతుంది. ఎల్.హెచ్. ఉప్పెనగా పొంగుతుంది. ఆ పొంగు మొదలైన సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఆ తరువాత కార్పస్ లూటియం స్రవించే ప్రొజెస్టిరాన్, హైపోథలామస్ లయను మందగింపజేసి మరొక ఉప్పెన రాకుండా కాపాడుతుంది. గర్భిణిలో మళ్ళీ అండోత్సర్గం జరగకపోవడానికి మూలం ఇదే. గర్భనిరోధక హార్మోన్లు ఈ స్థితినే అనుకరిస్తాయి.

3. మాత్ర ప్రభావం:
మాలా-ఎన్ పొట్లంలో 28 బిళ్ళలుంటాయి. 21 హార్మోను బిళ్ళలలో ఒక్కొక్కదానిలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్ ఉంటాయి. మిగిలిన 7 ఇనుము బిళ్ళలు. ప్రొజెస్టిన్ అయిన లెవోనార్జెస్ట్రెల్ ప్రధానంగా ఎల్.హెచ్. ఉప్పెనను ఆపుతుంది, గర్భాశయ ముఖద్వారపు జిగురును చిక్కబరుస్తుంది. ఈస్ట్రోజన్ భాగం ఎఫ్.ఎస్.హెచ్.ను తగ్గించి పుటిక ఎదుగుదలను అడ్డుకుంటుంది. గర్భాశయ లోపొరను నిలకడగా ఉంచుతుంది.

ఇనుము బిళ్ళలు వేసుకునే ఏడు రోజుల్లో పీయూష గ్రంథి మెల్లగా మేల్కొంటుంది. ఎఫ్.ఎస్.హెచ్. పెరిగి పుటికలు ఎదగసాగుతాయి. అందుచేత కొత్త పొట్లం ఆలస్యంగా మొదలుపెట్టడం, నడుమ ఒక బిళ్ళ మరచిపోవడం కంటె ప్రమాదకరం. విరామం ఏడు రోజులు దాటితే అండోత్సర్గానికి దారి తెరుచుకుంటుంది.

మాత్ర వల్ల అండాల నిల్వ తరిగిపోతుందనీ, మిగిలిపోతుందనీ రెండు అపోహలున్నాయి. రెండూ సరికావు. ప్రాథమిక పుటికలు నిద్రాణస్థితి నుంచి కదలడం పీయూష హార్మోన్లపై ఆధారపడదు కనుక, మాత్ర వాడినా ఆ తరుగుదల సాగుతూనే ఉంటుంది. వాడకకాలంలో అండాశయ పరిమాణం, ఏ.ఎమ్.హెచ్. స్థాయి తగ్గి కనిపించినా, మానిన కొన్ని నెలలకు అవి కోలుకుంటాయి.

4. ఇంజెక్షన్ ప్రభావం:
అంతరలో ఉండేది 150 మిల్లీగ్రాముల మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అసిటేట్. దీనిలో ఈస్ట్రోజన్ ఉండదు. వారపు విరామమూ లేదు. మూడు నెలలు ఎల్.హెచ్. ఉప్పెన రాదు. అండాశయపు సొంత ఈస్ట్రోజన్ కూడా చక్రపు తొలిదశ స్థాయిలోనే నిలుస్తుంది. గర్భాశయ లోపొర పలుచబడి, రాలవలసింది ఏమీ మిగలదు. ఏడాది గడిచేసరికి దాదాపు సగం మందిలో ముట్టు ఆగడానికి కారణమిదే. లోపల పేరుకునే రక్తమంటూ లేదు.

అయితే దీనికి మూల్యమూ ఉన్నది. తొలి నెలల్లో వేళ కాని రక్తస్రావం సాధారణం. ఈస్ట్రోజన్ కొరత వల్ల ఎముకల సాంద్రత కొంత తగ్గుతుంది. మానిన తరువాత చాలావరకు తిరిగి వస్తుంది. సంతానసామర్థ్యం శాశ్వతంగా పోదు కాని, చివరి ఇంజెక్షన్ తరువాత గర్భం రావడానికి సగటున ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు.

5. పరీక్షలు, ఇతర మందులు:
మాత్ర వాడుతుండగా చేసిన ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. పరీక్షలు అండాశయపు నిజస్థితిని తెలుపవు. మాత్రలోని ఈస్ట్రోజన్ కాలేయంలో హార్మోన్లను మోసే ప్రోటీన్లను పెంచుతుంది. కనుక రక్తంలో మొత్తం కార్టిసాల్, మొత్తం థైరాక్సిన్ ఎక్కువగా కనిపించినంత మాత్రాన అది వ్యాధి కాదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ మాత్రలోని హార్మోన్లను కాలేయంలో త్వరగా విచ్ఛిన్నం చేయిస్తుంది. అనంతగిరి కొండపై క్షయ వైద్యాలయం ఉన్న జిల్లాలో ఈ విషయం గుర్తుంచుకోదగినది: క్షయ మందు వాడే స్త్రీకి మాత్ర ఒక్కటే నమ్మదగిన రక్షణ కాదు. రక్తం గడ్డకట్టే జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారికి, ప్రసవించి ఆరు నెలలు నిండని పాలిచ్చే తల్లులకు కూడా ఈస్ట్రోజన్ మాత్ర తగదు.

6. పటాన్‌చెరు పాఠం:
ఈ సమాచారం వైద్యుని వద్దనే ఆగిపోతే ఏమవుతుందో తెలుగునేల నాలుగు దశాబ్దాల క్రితమే చూసింది. రెండు నెలలకొకసారి వేసే 'నెట్-ఎన్' అనే ప్రొజెస్టిన్ ఇంజెక్షన్‌ను భారతీయ వైద్య పరిశోధన మండలి పరీక్షిస్తున్న రోజులవి. 1985లో నాటి మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఆ కార్యక్రమం వివాదాస్పదమైంది. హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన ఇతర మహిళా సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. తమపై జరుగుతున్నది పరీక్ష అని స్త్రీలకు తెలియజెప్పలేదన్నది వారి ప్రధాన అభ్యంతరం. ఆ వ్యాజ్యం 2000లో ముగిసింది. ఇంజెక్షన్ పీయూష గ్రంథిని అణచగలదా అన్నది అక్కడి వివాదం కాదు. అణచబోతున్నదని ఆ స్త్రీకి ముందుగా తెలుసా అన్నదే.

7. ముగింపు:
గర్భనిరోధక హార్మోన్లు అండాశయాన్ని చెడగొట్టవు. పీయూష గ్రంథికి 'ఇప్పుడు అవసరం లేదు' అనే వార్తను అందిస్తాయి. మాత్ర మానితే ఆ వార్త కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది. ఇంజెక్షన్ మానితే నెలలు పడుతుంది. ఈ తేడా ముందుగా తెలిసిన స్త్రీ ముట్టు ఆగినప్పుడు బెదరదు. ఎప్పుడు మానాలో, తదుపరి కాన్పు ఎప్పుడు కావాలో తానే లెక్కవేసుకోగలదు. ఆ వివరణ అందకపోతే ఎంపిక అన్న మాటకు అర్థముండదు. ఇంజెక్షన్‌తో పాటు దాని వివరణ కూడా కరణ్‌కోట వంటి ప్రతి గ్రామానికి, ఆ స్త్రీ మాట్లాడుకునే తెలుగులో చేరవలసి ఉన్నది.