అయిదుగురాడిన నీటియాట

అనంతపురమున కాపేరు అనంతసాగరమను చెరువువలన వచ్చినదని పెద్దలు చెప్పుదురు. చెరువు ఊరందఱి కంటియెదుట నుండు సొత్తు; కట్టపై నిలిచినవానికి నీరెంత తగ్గినదో తెలియును, ఏ మడికెప్పుడు తూము విడువవలెనో నీరుగంటి చూచుకొనును. సాలున సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ మెట్టసీమలో బోర్లు వెలసిన పిమ్మట ఆ సొత్తు రాతిపగుళ్లలోనికి దిగి కనుమఱుగైనది. ఎవని బోరు వానిదే యనిపించును గాని అడుగున నీరొక్కటే. పొరుగువాడు మఱింత లోతునకు దింపిన గొట్టము మన పైరు నోటిదగ్గఱి నీటిని లాగుకొనును.

అనంతపురముతో సహా ఏడు జిల్లాలలో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ పథకముక్రింద రైతులే నీటిమట్టములు కొలిచి, ఏ పంట కెంత నీరో పద్దు కట్టిరి. కాని అంకె తెలియుట వేఱు, పదిమంది ఒడబడుట వేఱు.

ఆ ఒడంబడికకై ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ యను స్వచ్ఛందసంస్థయు, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు చెందిన రూత్ మైన్‌జెన్-డిక్ మొదలగువారును 2013లో ఆంధ్రప్రదేశపు పల్లెలలో నొక యాటను ఆడించిరి. జట్టున కయిదుగురు. తక్కువ నీరు త్రాగి తక్కువ రాబడినిచ్చు పైరు, దండిగా త్రాగి దండిగా నిచ్చు పైరు, ఈ రెంటిలో నొకదానిని ప్రతివారును సాలుసాలునకు ఎంచుకొనవలెను. అందఱి ఎంపికలనుబట్టి నేలలోని నీరెంత దిగినదో లెక్కగట్టి చెప్పగా, మిగిలినదానితోనే మఱుసటి సాలు సాగింపవలెను. కొన్ని వరుసలు నోరు విప్పక ఆడవలెను, కొన్నింట మాటాడుకొనవచ్చును. వామనగుంటలలో చింతపిక్కలు లెక్కించి పెరిగిన మనవారి కిది కొత్తవిద్య గాదు. అయితే అందు ఎదుటివారి గుంటలు ఖాళీయైన మనకు గెలుపు, ఇందు గుంట యొక్కటే, అది ఎండిన అందఱికిని ఓటమి.

మాటాడుకొనుట మొదటియేట ఫలింపలేదు. మఱుసటియేట ఆటను కొంచెము మార్చి అవే పల్లెలలో ఆడింపగా, మాటాడుకొన్న జట్లు నీటిని నిలుపుకొనుటకు హెచ్చుగా నేర్చినవి. ఆడిన తీరునుబట్టి ఒక్కొక్కరికి సొమ్ము ముట్టజెప్పినను పైరు ఎంపిక మాత్రము మాఱలేదు; పల్లెవాడు పైకమునకే కదలునను పట్నపు తలంపున కింతకంటె తగిన జవాబు నాకు కనబడదు. ఆట ముగియగానే ఊరంతయు కూడి జరిపిన చర్చయే దీని యసలు పంట. ఆటాడిన పల్లెలు, అదే స్వచ్ఛందసంస్థ పనిచేసిన ఇతరపల్లెలకంటె, నీటిపద్దు పుస్తకములను నీటివాడుక కట్టుబాట్లను ఎక్కువగా ఏర్పఱచుకొనెనని 2018లో ప్రకటితమైన పరిశోధన తెల్పుచున్నది.

నీటిమట్టము పెక్కు కారణములకు లోబడునది గనుక ఆట యొక్కటే తఱుగుదల నాపజాలదని పరిశోధకులే వ్రాసిరి. అయినను నీరుగంటి చూపు చేరలేని నీటికి ఆ ఊళ్లలో పద్దు మొదలైనది.